ఇష్టాల జాబితాలకు పటం గీయడం ఎలా? స్టేబుల్ మ్యాచింగ్ పరీక్ష డేటాపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంటర్న్‌షిప్ సీట్లు పంచడానికో, హాస్టల్ గదుల్లో జతలు కుదర్చడానికో ప్రోగ్రాములు రాస్తున్న తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పాఠకులు ఈసారి ఎక్కువగా రాశారు. అడిగిన తీరు వేరైనా అందరి ఇబ్బందీ ఒకటే. అసలు డేటా చేతికి రాదు, పుట్టించిన డేటా మీద నమ్మకం కుదరదు. ఒక్కో డేటాను ఒక చుక్కగా, పోలినవి దగ్గరగా పడేలా పటం గీస్తే, పుట్టించినవాటిలో నిజంగా రకాలున్నాయో లేదో కనబడుతుంది. అక్కడికి చేరే దారే ఈ జవాబులు.

ప్రశ్న: వంద మంది విద్యార్థులు, వంద ఇంటర్న్‌షిప్ సీట్లు. ఇరువైపులా ఇష్టాల జాబితాలను యాదృచ్ఛికంగా పుట్టించి గేల్–షాప్లీ పద్ధతిని వెయ్యి సార్లు నడిపాం. ఒక్క తప్పూ రాలేదు, టైమూ చాలా తక్కువే పట్టింది. అయినా మా గైడ్ గారు "ఇది పరీక్షే కాదు" అంటున్నారు. ఎందుకు?
– బి.టెక్. విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ గైడ్ గారి మాట నిజమే. వెయ్యి సార్లు నడిపినా మీరు చూసింది ఒకే రకం డేటాను.

ముందు లెక్క ఏమిటో గుర్తు చేసుకుందాం. ఇప్పుడున్న తమ జతల కంటే ఒకరినొకరు ఎక్కువగా కోరుకునే ఇద్దరు ఎక్కడా లేకపోతే ఆ పంపకం స్థిరమైనది. రెండు వైపులున్న లెక్కలో అలాంటి పంపకం తప్పకుండా ఉంటుందని డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో నిరూపించారు. హాస్టల్ గదుల్లా ఒకే గుంపులోంచి జతలు కుదర్చాల్సి వస్తే ఈ హామీ లేదు. విద్యార్థి తన జాబితాలో పైనుంచి ఒక్కొక్క సీటునే అడుగుతూ పోతాడు. సీటు తన దగ్గరికి వచ్చినవారిలో మెరుగైనవారిని పట్టుకుని మిగతావారిని వదిలేస్తుంది. ఇందులో లెక్కపెట్టాల్సింది మొత్తం ఎన్నిసార్లు అడగాల్సి వచ్చిందన్నది.

యాదృచ్ఛిక జాబితాలతో, వంద మందికి, ఈ సంఖ్య సగటున 519 దాటదు. ఇప్పుడు విద్యార్థులందరి జాబితా ఒకటే అనుకోండి. పేరున్న కంపెనీ అందరికీ మొదటిది, ఊరి బయటి షెడ్డు అందరికీ చివరిది. చివరికి ఒకరికి మొదటి ఇష్టం దక్కుతుంది, ఒకరికి రెండోది, ఒకరికి మూడోది, అలా నూరో ఇష్టం దాకా. ఎవరికి ఎన్నో ఇష్టం దక్కితే వారు అన్నిసార్లే అడిగి ఉంటారు కాబట్టి మొత్తం 1+2+…+100, అంటే కచ్చితంగా 5,050. సీట్ల వైపు జాబితాలు ఎలా ఉన్నా ఇది మారదు. ఇక ప్రతి విద్యార్థి మొదటి ఇష్టమూ వేరువేరు సీటైతే 100తోనే పని ముగుస్తుంది.

అదే ప్రోగ్రాము, అదే వంద మంది. 100, సుమారు 500, 5,050. మీ వెయ్యి పరుగులూ ఆ నడిమి అంకె చుట్టూ తిరిగాయి. నిజమైన విద్యార్థులు ఎక్కువగా ఉండేది నడిమి అంకెకూ చివరి అంకెకూ మధ్య. అందరికీ నచ్చే సీట్లు కొన్ని ఉంటాయి, సొంత లెక్కలూ కొన్ని ఉంటాయి. అక్కడ మీరు ఒక్క పరుగు కూడా తీయలేదు.

ప్రశ్న: అయితే ఏయే రకాలు పుట్టించాలి? మాలోస్ పద్ధతిలో φ = 0.5 పెట్టి 10 మందికి, 100 మందికి డేటా తయారు చేశాను. రెండూ ఒకే స్వభావంతో ఉండాలి కదా, ఫలితాలు మాత్రం పొంతన లేకుండా ఉన్నాయి.
– ఎం.సి.ఏ. విద్యార్థిని, చిత్తూరు

జవాబు: రెండో మాటకు ముందు జవాబు చెప్తాం, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే కాబట్టి.

మాలోస్ పద్ధతిలో ఒక మూల జాబితా ఉంటుంది. ప్రతి మనిషి జాబితా దాన్నుంచి కాస్త చెదిరి ఉంటుంది. φ = 0 అయితే చెదరడమే లేదు, φ = 1 అయితే పూర్తి యాదృచ్ఛికం. చెదురును కొలిచేది క్రమం తారుమారైన జంటల సంఖ్యతో. φ = 0.5 దగ్గర 10 పేర్ల జాబితాలో సగటున 7.3 జంటలు తారుమారవుతాయి. ఉన్న జంటలు 45, అంటే 16 శాతం. 100 పేర్లకు తారుమారయ్యేవి సుమారు 97, ఉన్న జంటలు 4,950. అంటే 2 శాతం! φ మార్చకుండా మనుషులను పెంచితే తారుమార్లు మనుషుల సంఖ్యతో పాటు పెరుగుతాయి, జంటలు మాత్రం ఆ సంఖ్య వర్గంతో పెరుగుతాయి. మీ వంద మంది డేటా దాదాపు "అందరిదీ ఒకే జాబితా" అయిపోయింది.

అందుకని φ నేరుగా పెట్టకండి. "ఎంత శాతం జంటలు తారుమారు కావాలి" అన్నది ముందు నిర్ణయించి, ఆ సైజుకు తగిన φ వెతకండి. φ పెరిగితే సగటు తారుమార్లు పెరుగుతాయే కానీ తగ్గవు, కాబట్టి 0కూ 1కీ మధ్య సగం సగం చేస్తూ వెతికితే ఇరవై అంచెల్లో దొరుకుతుంది. జాబితా తయారీకి మూల జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా చొప్పించండి. i-వ పేరు చివర చేరడానికి బరువు 1, ఒక మెట్టు పైకి φ, రెండు మెట్లు పైకి φ², ఇలా i చోట్లకు. ఈ బరువుల నిష్పత్తిలో చోటు ఎంచుకుంటే చాలు.

ఇక రకాల సంగతి. పూర్తి యాదృచ్ఛికం, మాలోస్ కాక ఇంకో మూడు తప్పనిసరి అని మా అభిప్రాయం. ఒకటి, దూరం రకం. ప్రతి మనిషికీ చతురస్రంలో ఒక బిందువు, దగ్గరివారు ఎక్కువ ఇష్టం. రెండు, లక్షణాల రకం. ప్రతి మనిషికీ చదువు, శుభ్రత, నిద్రవేళ లాంటివాటిలో మార్కులు, వాటిలో దేనికి ఎంత విలువిస్తాడో చెప్పే బరువులు. ఎదుటివారి మార్కులను తన బరువులతో గుణించి కూడితే వచ్చేదే ఇష్టం. మూడు, దూరం రకంలోనే కొందరు దూరపువారిని కోరుకునేది. ఇష్టం ఒకవైపే ఉండే పరిస్థితులు ఇందులోనే గట్టిగా వస్తాయి.

దూరం రకాన్ని మాత్రమే నమ్ముకుంటే ఒక ప్రమాదం ఉంది. క నుంచి ఖకు ఎంత దూరమో ఖ నుంచి కకూ అంతే. అందరిలోకీ దగ్గరగా ఉన్న ఇద్దరినీ జత చేసి పక్కన పెట్టి, మిగిలినవారిలో మళ్లీ అలాగే చేస్తూ పోతే స్థిరమైన పంపకం ఎప్పుడూ దొరుకుతుంది. హాస్టల్ గదుల లెక్కలో "జవాబు లేదు" అని చెప్పాల్సిన కోడు ఈ డేటాతో ఒక్కసారీ నడవదు.

ప్రశ్న: రెండు ఇష్టాల డేటాలు ఒకదానికొకటి ఎంత దగ్గరో కొలిచేది ఎలా? పేర్లే వేరైనప్పుడు వరసగా పోల్చి లాభం లేదు. పేర్లన్నీ మార్చి మార్చి చూస్తే 10 మందికే 36,28,800 రకాలు.
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: నిక్లాస్ బోమర్, క్లాస్ హీగర్, స్టానిస్వావ్ షుఫా దీనికి చక్కటి ఉపాయం చూపించారు. ఎవరిని ఇష్టపడుతున్నారన్నది వదిలేసి, ఆ ఇష్టానికి బదులు ఎంత వస్తోందన్నది మాత్రమే రాసుకోవాలి. ప్రతి మనిషికీ ఒక వరస. అందులో మొదటి అంకె: నా మొదటి ఇష్టం నన్ను ఎన్నో స్థానంలో పెట్టింది? రెండో అంకె: నా రెండో ఇష్టం నన్ను ఎన్నో స్థానంలో పెట్టింది? ఇలా చివరిదాకా. దీన్ని పరస్పర ఇష్టాల పట్టిక అందాం. పేర్లు మాయమై అంకెలే మిగులుతాయి.

చేత్తో ఒకటి చేసి చూద్దాం. అబ్బాయిల హాస్టల్లో నలుగురు, గదికి ఇద్దరు. రవి జాబితా: హరి, గిరి, మణి. హరి జాబితా: గిరి, రవి, మణి. గిరి జాబితా: రవి, హరి, మణి. మణి జాబితా: రవి, హరి, గిరి. రవి మొదటి ఇష్టం హరి, హరి దగ్గర రవిది 2వ స్థానం. రెండో ఇష్టం గిరి, అక్కడ రవిది 1. మూడోది మణి, అక్కడా 1. కాబట్టి రవి వరస 2, 1, 1. ఇలాగే హరిది 2, 1, 2. గిరిది 2, 1, 3. మణిది 3, 3, 3.

అమ్మాయిల హాస్టల్లో లత, సుధ, ఉష, రమ. అందరి లెక్కలోనూ వరస ఇదే, తమ పేరు మాత్రం తీసేసుకుంటారు. లత వరస 1, 1, 1. సుధది 1, 2, 2. ఉషది 2, 2, 3. రమది 3, 3, 3.

ఇప్పుడు ఆ పట్టికలోని వరసలను ఈ పట్టికలోని వరసలతో జత చేసి, అంకెల తేడాలు కూడి, మొత్తం వీలైనంత తక్కువ వచ్చేలా చూడాలి. రవి–లత తేడా 1. హరి–సుధ 2. గిరి–ఉష 1. మణి–రమ 0. మొత్తం 4. ఇంతకంటే తగ్గదు, ఎందుకంటే ఏ అబ్బాయి వరసకూ తనకు దక్కినదానికంటే దగ్గరి వరస అవతల లేదు. పెద్ద డేటాలో ఈ జత కుదర్చడం మామూలు అసైన్‌మెంట్ లెక్క, హంగేరియన్ పద్ధతి చాలు.

ఈ 4 పెద్దదా చిన్నదా? నలుగురి లెక్కలో ఒక కొలబద్ద ఉంది. అందరికీ బదులు సమానంగా దక్కే డేటాలో ప్రతి వరసా 1, 2, 3. పూర్తిగా ఎదురు తిరిగే డేటాలో ప్రతి వరసా 3, 2, 1. వాటి మధ్య దూరం మనిషికి 4 చొప్పున 16. అంటే మన రెండు హాస్టళ్లూ ఆ కొలబద్దలో పావు వంతు దూరంలో ఉన్నాయి. అమ్మాయిల హాస్టల్లో లత–సుధ, ఉష–రమ అని స్థిరమైన పంపకం ఉంది. అబ్బాయిల హాస్టల్లో లేనే లేదు, మణితో ఎవరిని కలిపినా వారు వదిలి పోవడానికి ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. నలుగురికి జాబితాలు మొత్తం 1,296 విధాలుగా రాయొచ్చు. జవాబు లేనివి వాటిలో 48, అంటే 27లో ఒకటి.

ప్రశ్న: ఆ దూరం కోడు రాశాను. ఒకే డేటాలో పేర్లు తారుమారు చేసి మళ్లీ పోలిస్తే సున్నా రావడం లేదు. క నుంచి ఖకు ఒక దూరం, ఖ నుంచి కకు ఇంకో దూరం వస్తోంది. వెయ్యి మందికి నడిపితే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, శ్రీకాళహస్తి

జవాబు: మూడు జబ్బులు, మూడింటికీ వేరే కారణాలు.

పేర్లు తారుమారు చేసినప్పుడు వరసల క్రమం మార్చి, జాబితాల లోపలి పేర్లు మార్చకుండా వదిలేసి ఉంటారు. 3వ మనిషిని 7 అని పిలిస్తే, అందరి జాబితాల్లోని 3లూ 7 కావాలి. అది సరిగానే ఉంటే స్థానాల పట్టిక చూడండి. "నా జాబితాలో ఐదో చోట ఎవరు" అన్నదీ "ఫలానా మనిషిది నా జాబితాలో ఎన్నో చోటు" అన్నదీ తలకిందులు పట్టికలు. పరస్పర ఇష్టాల పట్టికకు రెండూ కావాలి, చాలామంది మొదటిదాన్నే రెండు చోట్లా వాడేస్తారు. ఇంకో సంగతి, మనిషి తన జాబితాలో తాను ఉండడు. వంద మందికి వరసలో 99 అంకెలు, 1 నుంచి 99 దాకా. ఎక్కడైనా 0 గానీ 100 గానీ కనిపిస్తే సొంత పేరు లోపలికి దూరినట్టే, లేదా లెక్క సున్నాతో మొదలైనట్టే.

అటూ ఇటూ దూరం మారుతోందంటే జతలను అత్యాశ పద్ధతిలో కుదురుస్తున్నారన్నమాట: మొదటి వరసకు దగ్గరిది, మిగిలినవాటిలో రెండోదానికి దగ్గరిది అంటూ. అలా కాదు. పైథాన్ లైబ్రరీ సైపైలోని లీనియర్ సమ్ అసైన్‌మెంట్ వాడండి.

ఇక మెమరీ. నమ్‌పైలో వరసలన్నిటినీ ఒకేసారి తీసివేస్తే వెయ్యి × వెయ్యి × 999 అంకెలు పుడతాయి. ఒక్కోటి 8 బైట్లయితే దాదాపు 8 జీబీ. సైపైలోని సీడిస్ట్‌కు 'సిటీబ్లాక్' కొలత ఇస్తే తేడాల మొత్తాలు మాత్రమే, వెయ్యి × వెయ్యి, 8 ఎంబీతో వచ్చేస్తాయి.

కోడు సరిగా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, దాన్ని ముందే రాసి పెట్టుకోండి. ఎదురు తిరిగే డేటా తయారీ తేలిక. మనుషులను గుండ్రంగా కూర్చోబెట్టి, ప్రతివారూ తమ కుడిపక్కవారిని మొదట, ఆ పక్కవారిని తర్వాత, అలా ఇష్టపడతారు అనండి. అప్పుడు నా i-వ ఇష్టం నన్ను n–i స్థానంలో పెడుతుంది. బదులు సమానంగా దక్కే డేటాకు కబడ్డీ లీగ్ షెడ్యూల్ తీసుకోండి. n సరిసంఖ్య కావాలి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఒకసారి ఆడుతుంది. i-వ రౌండ్లో నా ఎదుటి జట్టే నా i-వ ఇష్టం. వంద మందికి ఈ రెండింటి మధ్య దూరం మనిషికి 4,900, మొత్తం 4,90,000 రావాలి. ఒక్కటి తేడా వచ్చినా కోడులో తప్పుంది.

ప్రశ్న: దూరం సున్నా వస్తే రెండు డేటాలూ ఒకటేనా?
– డిగ్రీ లెక్చరర్, పలమనేరు

జవాబు: కాదు. పైన చెప్పిన కబడ్డీ షెడ్యూల్‌నే తీసుకోండి. ఎనిమిది జట్లకు, పేర్లు ఎంత మార్చినా ఒకటి కాని షెడ్యూల్ నిర్మాణాలు ఆరు ఉన్నాయి. ఆరింటిలోనూ ప్రతి వరసా 1 నుంచి 7 వరకే, కాబట్టి వాటి మధ్య దూరం సున్నా. వేగంగా లెక్క తేలడానికి చెల్లించిన మూల్యం అది. పరీక్ష డేటాలో రకాలున్నాయా అని చూడటానికి ఇది అడ్డు రాదు. నకళ్లు ఏరేయడానికి మాత్రం దీన్ని వాడకండి.

ప్రశ్న: 200 డేటాల మధ్య దూరాలు తీసి పటం గీశాను. ప్రతిసారీ ఆకారం తిరిగిపోతోంది. పైగా పూర్తి యాదృచ్ఛికంగా పుట్టిన డేటాలు ఒకదానికొకటి చాలా దూరం చూపిస్తున్నాయి. ఒకే రకం దగ్గర దగ్గరగా పడాలి కదా?
– ఎం.టెక్. విద్యార్థిని, తిరుపతి

జవాబు: తిరగడం తప్పు కాదు. పటంలో అడ్డానికీ నిలువుకీ అర్థం లేదు, బిందువుల మధ్య దూరానికే అర్థం. అయినా రెండు పటాలు పక్కపక్కన చూపాలంటే కదలకుండా ఉండాలి కాబట్టి సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె) ఒకటే పెట్టండి. మొదటి ఎత్తుగా నాలుగు కొనలను పటంలో కలపండి: అందరిదీ ఒకే జాబితా, బదులు సమానంగా దక్కేది, ఎదురు తిరిగేది, ఏ తీరూ లేని గందరగోళం. అవి ఊళ్ల పేర్లలా పనికొస్తాయి. "ఈ గుంపు ఒకే జాబితా వైపు ఉంది" అని చదవగలుగుతారు. బిందువుల అమరికకు కమాడ–కవాయి పద్ధతి (1989) బాగుంటుంది, అది దూరాలను నిలబెట్టడానికే ప్రయత్నిస్తుంది. అంచుల లాగుడూ తోపుడూ మీద నడిచే మామూలు స్ప్రింగ్ అమరికలు గుంపులను అందంగా చూపిస్తాయి, దూరాలను పట్టించుకోవు.

యాదృచ్ఛిక డేటాల సంగతి. 1 నుంచి 99 దాకా ఏదైనా రాగల రెండు అంకెల మధ్య సగటు తేడా 33. వరసలో 99 అంకెలు, కాబట్టి మనిషికి దాదాపు 3,270. దగ్గరి వరసలతో జత కుదిరాక కొంత తగ్గుతుంది, అయినా 4,900 కొలబద్ద ముందు అది పెద్ద అంకే. ఒకే జనరేటర్, వేరే సీడ్, మధ్యలో ఇంత దూరం: ఇది బగ్ కాదు, యాదృచ్ఛికం అంటేనే అంత. ఇలా అన్నీ ఒకదానికొకటి సమాన దూరంలో ఉన్న గుంపును కాగితం మీద రెండు కొలతల్లో ఇరికించలేం. అక్కడ పటం తప్పక అబద్ధం చెప్తుంది, మెత్తగా నొక్కి మధ్యలో కుప్ప పోస్తుంది.

కాబట్టి పటం గీశాక ఊరుకోకూడదు. 200 డేటాలకు 19,900 జంటలు. రెండు కొనల మధ్య (సమానం–ఎదురు) అసలు దూరాన్నీ పటంలో దూరాన్నీ 1గా పెట్టుకుని, ప్రతి జంటకూ పటంలోని దూరం, అసలు దూరం నిష్పత్తి చూడండి. ఒక్కో డేటాకు ఈ నిష్పత్తుల సగటు తీసి, 1కి బాగా తేడాగా ఉన్నవాటిని పటంలో బోలు చుక్కలుగా చూపించండి. ఆ చుక్కల దగ్గర చూసేవారు కంటిని నమ్మరు. ఈ పని చేసి చూపించిన రిపోర్టులు తక్కువ, అదే మా ఫిర్యాదు.

రంగుల సంగతి కూడా అడగకముందే చెప్తాం, పటం వల్ల వచ్చే లాభమంతా అందులోనే ఉంది. ఏ రకం జనరేటర్ అన్నదానికి ఒక పటం, మీరు కొలిచినదానికి ఇంకో పటం, చుక్కల చోట్లు మారకుండా. స్థిరమైన పంపకం ఉందా లేదా, ఎన్నిసార్లు అడగాల్సి వచ్చింది, దక్కిన స్థానాల మొత్తం తక్కువయ్యేలా జత చేస్తే, తమ జతలను వదిలి ఒకరితో ఒకరు చేరాలనుకునే జంటలు ఎన్ని, ఇలా. పరుగు సమయాన్ని నేరుగా రంగులోకి మార్చకండి. రెండు మొండి డేటాలు నిమిషాలు తీసుకుంటే మిగతా 198 ఒకే రంగులో కలిసిపోతాయి. లాగరిథమ్ తీసి వేయండి.

ప్రశ్న: మా కాలేజీలో నిజంగా సేకరించిన జాబితాలు ఉన్నాయి. కానీ ఒక్కొక్కరూ ఐదు పేర్లే రాశారు. ఒకవైపు సీట్లన్నీ ఎంట్రన్స్ ర్యాంకునే చూస్తాయి. వీటిని ఈ పటంలో పెట్టొచ్చా?
– ప్లేస్‌మెంట్ విభాగం ఉద్యోగి, పుత్తూరు

జవాబు: పెట్టొచ్చు, రెండు జాగ్రత్తలతో.

సీట్లన్నీ ఒకే ర్యాంకును చూస్తే, రిజర్వేషన్లు పక్కన పెట్టి ఒక్క వర్గం లోపల చూస్తే, స్థిరమైన పంపకం ఒక్కటే ఉంటుంది: మొదటి ర్యాంకరు కోరింది తీసుకోవడం, తర్వాత రెండో ర్యాంకరు, అలా. దీనికి గేల్–షాప్లీ అక్కర్లేదు. అలాంటి డేటాతో మీ ప్రోగ్రామును పరీక్షిస్తే అది నడుస్తుందని తెలుస్తుందే కానీ, పలు స్థిరమైన పంపకాల్లో మంచిదాన్ని ఎంచే భాగం సరిగా ఉందో లేదో తెలియదు. రెండు వైపులున్న డేటాను పోల్చేటప్పుడు రెండు పట్టికలు వస్తాయి. విద్యార్థుల వరసలను విద్యార్థులతో, సీట్లను సీట్లతో జత చేయండి, కలిపేయకండి.

ఐదు పేర్ల జాబితా దగ్గర తొందరపడొద్దు. దూరం నిర్వచనానికి పూర్తి జాబితాలు కావాలి. మిగిలిన పేర్లను యాదృచ్ఛికంగా అతికిస్తే, వంద పేర్లలో 95 మీరు రాసినవే అవుతాయి, పటంలో ఆ డేటా యాదృచ్ఛికం వైపు జరుగుతుంది. విద్యార్థుల ఇష్టం మాత్రం అందులో ఉండదు. రాసిన ఐదింటిని బట్టి ఏ సీటు ఎంతమందికి కావాలో లెక్కపెట్టి, మిగతావాటిని ఆ గిరాకీ క్రమంలో అతికించడం మేలు. రెండు విధాలా అతికించి, రెండు చుక్కలూ పటంలో పెట్టండి. చుక్కలు దూరంగా పడితే మీ ఐదు పేర్లు చాలలేదన్నమాట, వచ్చే ఏడాది ఫారంలో పదైనా అడగండి.